మూడు మట్టల నీడ

సోమవారం పొద్దున్నే పరిశోధన తోట తాళం తీసి లోపల అడుగు పెట్టేసరికి నా ఖర్జూరపు చెట్లలో ఒక్కదానికీ తల లేదు.

శనివారం నేను తాళం వేసి వెళ్ళేటప్పుడు ఒక్కో చెట్టూ పచ్చటి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. గెలలు అప్పుడే పిందె కట్టాయి. ఇప్పుడా గొడుగుల చోట తెల్లగా చెక్కిన బోడి తలలు. కింద మట్టలు, తెగిన గెలలు, ముళ్ళు. కోసిన చోటి నుంచి నీరా జారి కాండాల పొడవునా మెరుస్తోంది. ఆ తీపికి ఈగలు ముసురుతున్నాయి.

మా గాబెస్ ఒయాసిస్సులో పుట్టినవాళ్ళకి ఆ కోత ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మట్టలు నరికి, మొవ్వు చుట్టూ చెక్కి, ముంత కట్టి లెగ్మీ దించుతారు. పొద్దున తాగితే తేనె, సాయంత్రం తాగితే కల్లు. అలా చెక్కిన చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే మూడేళ్ళు పడుతుంది. కానీ తోటంతా వెతికినా ఒక్క ముంత కనపడలేదు. నీరా కోసం వచ్చినవాడు కాదు. చెట్ల కోసమే వచ్చాడు.

ఆ చెట్లకి తొమ్మిదేళ్ళుగా ఉప్పునీళ్ళు పెడుతున్నాను. సముద్రం ఒయాసిస్సులోకి చొచ్చుకొస్తోంది, బావులు ఉప్పగా మారుతున్నాయి. ఆ నీళ్ళకి తట్టుకుని ఏ రకం కాస్తుందో తేల్చాలి. ఈ శరత్తులో చివరి కాపు తూచేస్తే తేలిపోయేది.

నేనింకా అక్కడే నిలబడి ఉండగా బాబా వచ్చాడు. మా నాన్న శెద్లీ మా శాఖకి అధిపతి. నా పక్కనే ఆగి, చెట్లకేసి ఒకసారి చూసి, నేల మీద పడున్న గెల తీసుకుని గట్టు మీద కూలబడి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాబా, ఎవరు చేశారిది?"

గెలకి అంటిన మట్టి తుడుస్తూ కూర్చున్నాడు.

ఆయన వెనకే మెహ్రెజ్ వచ్చాడు. మా శాఖలోనే నేలల సారం చెప్పే మాస్టారు. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. చెట్లు చూడగానే తల మీది టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"చెట్లుండవు, బల్లలుంటాయి అన్నాడుగా! అన్నంత పనీ చేశాడు!"

ఆ మాట శనివారం సభలో అన్నది ఫెతీ. నా భర్త.

---

ఆ జనవరిలో సర్కారు ఒక్క ఉత్తర్వుతో రెండు కాలేజీల్ని కలిపేసింది. ఊరి అంచున ఉన్న మా ఒయాసిస్ వ్యవసాయ సంస్థ చిన్నది, పాతది. గోడవతల సైన్స్ కాలేజీ పెద్దది, కిటకిటలాడేది. ఫెతీ అక్కడ కెమిస్ట్రీ చెప్పేవాడు. మధ్యలో గోడ పడగొట్టారు, పేరు ఒకటి చేశారు. ఏ శాఖలు ఉండాలి, ఏవి దేంట్లో కలవాలి, ఏ నేల ఎవరికి చెందాలి అన్నది మాత్రం వేసవి సెలవుల్లోపు మమ్మల్నే ఓటేసి తేల్చుకోమన్నారు.

శనివారం మొదటి ఉమ్మడి సభ. కొత్త కాలేజీకి తాత్కాలిక డీన్‌గా వచ్చిన దలెందా మేడమ్ పెన్నుతో బల్ల మీద కొట్టి, "ముందు సమస్యలు చెప్పండి," అంది.

మెహ్రెజ్ లేచాడు. "రెండు రబ్బరు ముద్రలు, రెండు కాఫీ యంత్రాలు, మగాళ్ళకి ఒక్కటే మరుగుదొడ్డి. ఇదీ మేడమ్ విలీనం!"

హాలంతా నవ్వింది. ఆ రోజు అందరూ కలిసి నవ్వింది అదొక్కసారే.

తర్వాత ఫెతీ లేచాడు. సైన్సు వాళ్ళ ప్రణాళిక తయారు చేసింది అతనే. అందులో మా శాఖ జీవశాస్త్రంలో ఓ మూల కలిసిపోతుంది. తోట స్థలంలో ప్రయోగశాలల భవనం లేస్తుంది.

"మా పిల్లలు మెట్ల మీద కూర్చుని రాసుకుంటున్నారు. ల్యాబులో ఒక్క పొయ్యి దగ్గర పదిమంది నిలబడి, వెలిగించినవాడొక్కడే నేర్చుకుంటున్నాడు. ప్రహరీ లోపల చదునైన నేల ఆ తోటొక్కటే. మీ శాఖ మీద నాకు పగేమీ లేదు."

"ఇంట్లో అడిగి వచ్చావా బాబూ?" అన్నాడు మెహ్రెజ్. "అది మీ ఆవిడ తోట."

"ఇంట్లో కుస్కుసులో ఉప్పు గురించి అడుగుతాను మెహ్రెజ్. కాలేజీ గురించి కాలేజీలో మాట్లాడతాను. సూటిగా చెప్తున్నా వినండి. వచ్చే వసంతానికి అక్కడ చెట్లుండవు, బల్లలుంటాయి."

చప్పట్లు మోగాయి. నేను తల దించుకుని చేతి గాజు తిప్పుకుంటూ కూర్చున్నాను. అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను దహించింది.

అప్పుడు బాబా లేచాడు. పాత సంస్థ నియమావళి రాసింది ఆయనే. కొత్తది తయారయ్యేదాకా అదే చెల్లుతుంది.

"ప్రణాళిక మీద రహస్య ఓటు ఉండాలి, దానికి రెండు వారాల గడువివ్వాలి," అన్నాడు. "ఇవాళ ఊరికే తెలుసుకుందాం. తోట పోవాలనేవాళ్ళు చేతులెత్తండి."

సగానికి పైగా చేతులు లేచాయి. బాబా వెనక్కి తిరిగి ఆ చేతుల్ని వరసలు వరసలుగా చూశాడు. ఎక్కడో చివర తేల్చుకోలేక కూర్చున్న లెక్కల మాస్టర్లని ఇంకాసేపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

---

ఇక సోమవారం. మధ్యాహ్నానికి దలెందా మేడమ్ గదిలో మేమందరం నిలబడి ఉన్నాం. ఫెతీ కూడా ఉన్నాడు.

"తాళం పగలగొట్టలేదు. అంటే తాళంచెవి ఉన్నవాడే," అందామె. "ఎన్ని ఉన్నాయి?"

"రెండు," అన్నాను. "ఒకటి బాబా జేబులో. రెండోది మా వంటింట్లో మేకుకి."

"ఎవరి వంటింట్లో?"

"నా... మా ఇంట్లో."

గదిలో ఎవరూ ఫెతీ వైపు చూడలేదు. అంతకన్నా చూసుంటేనే నయం.

"ఆదివారం ఎవరెవరు ఎక్కడున్నారు?" అందామె.

బాబా నోరు విప్పక ముందే నేను చెప్పేశాను. "బాబా పొద్దున్నే షెన్నీనీ వెళ్ళాడు, పెదనాన్న తోట పని చూడ్డానికి. చీకటిపడ్డాక వచ్చాడు. చేతులకి ముళ్ళు గీరుకుపోతే నేనే నూనె రాశాను."

"శెద్లీ గారి సంగతి అడగట్లేదు," అంది మేడమ్, మెత్తగా. "ఆయన నాటిన చెట్లు."

ఫెతీ తనే చెప్పాడు. "నేను ఇక్కడికే వచ్చాను. ల్యాబులో పనుంది. గేటు దగ్గర కాపలా మనిషి నా కారు చూశాడు. తోట వైపు వెళ్ళలేదు."

"ఆదివారం పూట ల్యాబులో పని!" అన్నాడు మెహ్రెజ్. "ఎంత శ్రద్ధ! మా చెట్లు ఆ శ్రద్ధకి కన్నీళ్ళు కారుస్తున్నాయి, వెళ్ళి చూడు."

"నోరు అదుపులో పెట్టుకో."

"కత్తి అదుపులో పెట్టుకోవాల్సింది నువ్వు!"

ఇద్దరూ ఒకరి మీదికొకరు వస్తే మేడమ్ మధ్యలో నిలబడింది. పొట్టి మనిషి. ఆమె తల ఫెతీ గుండెల దాకే వచ్చింది. బాబా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

---

ఆ సాయంత్రం వంటింట్లో మేకుకి తాళంచెవి ఉన్నచోటే ఉంది. నేను దాన్నే చూస్తున్నానని ఫెతీ గమనించాడు.

"అడుగు," అన్నాడు.

"ఏమడగను?"

"పొద్దుట్నుంచీ గొంతులో పెట్టుకుని తిరుగుతున్నావుగా. అడిగెయ్ రౌదా."

అడిగాను. "తీశావా?"

"లేదు."

అంతకు మించి చెప్పలేదు. ఒట్టేస్తాడనుకున్నాను, కోప్పడతాడనుకున్నాను. లేదు అన్న ఆ ఒక్క ముక్క అంత పెద్ద ఇంట్లో ఎక్కడా ఆనలేదు.

"తొమ్మిదేళ్ళు ఫెతీ. పెళ్ళినాటి నుంచీ నువ్వు చూస్తున్నావు. నీళ్ళు మోశావు కూడా."

"మోశాను. అందుకే తీశానంటావా?"

"నేననలేదు."

"అనలేదు. తాళంచెవి కేసి చూశావు."

బాబా మాతోనే ఉండేవాడు, అమ్మ పోయినప్పట్నుంచీ. బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందున్న చేప పులుసు చల్లారి పైన నూనె కట్టింది. ఫెతీ ఆయనకేసి తిరిగాడు.

"మామయ్యా, మీరు కూడా అనుకుంటున్నారా?"

బాబా రొట్టె తుంచి పులుసులో ముంచాడు. నోట్లో పెట్టుకోలేదు. "నువ్వు చేసుండవు," అన్నాడు.

"మీ కూతురికి చెప్పండి ఆ మాట."

"చెప్పాగా. వింది."

ఫెతీ సంచిలో బట్టలు సర్దుకుని మెతూయాలో వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మేకున ఉన్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇక దీన్ని కాపలా కాయనక్కర్లేదు," అన్నాడు.

నేను ఆపలేదు.

---

ఆ రెండు వారాల్లో కాలేజీ తలకిందులైంది.

తోట గేటు తెరిచే ఉంచమని మెహ్రెజ్ పట్టుబట్టాడు. విద్యార్థులు వచ్చి చూశారు. అటూ ఇటూ కాని లెక్కల మాస్టర్లు వచ్చి చూశారు. ఫెతీ వాళ్ళ శాఖవాళ్ళే కొందరు తల దించుకుని వచ్చి చూశారు. ఒయాసిస్సు ముసలాళ్ళు వచ్చి, చచ్చిన మనిషి ఇంట్లో కూర్చున్నట్టు గట్టు మీద కూర్చున్నారు. మట్టలన్నీ పోగా ఒక్కో చెట్టుకి మిగిలిన కొద్దిపాటి మట్టల్ని చూపిస్తూ మెహ్రెజ్ అందరికీ చెప్పేవాడు, "తొందరలో అవి కూడా నరకడం మర్చిపోయాడు."

ఎవరూ ఇక ప్రయోగశాలల మాట ఎత్తలేదు. ఎత్తితే కత్తి పట్టినవాడి పక్షాన నిలబడ్డట్టే. మెట్ల మీద కూర్చునే పిల్లలు మాత్రం మెట్ల మీదే ఉన్నారు.

ఓటింగు రోజున ఫెతీ వచ్చాడు. చిట్టీ పెట్టెలో వేశాడు, వెళ్ళిపోయాడు. అతని కోసం జనం దారి వదిలారు. గౌరవంతో కాదు.

లెక్కిస్తే మా శాఖ నిలిచింది. తోట శాఖదేనని, దాన్ని ఎప్పటికీ ముట్టుకోకూడదని ప్రణాళికలో రాశారు. ఆ శనివారం చేతులెత్తినవాళ్ళలోనే సగానికి సగం మంది ఇటు తిరిగారు. మెహ్రెజ్ నన్ను భుజాలు పట్టి ఊపేశాడు.

"గెలిచాం అమ్మాయ్! మీ నాన్నని ఎత్తుకుని ఊరేగిద్దాం పద!"

బాబా హాల్లో లేడు. వెతికితే వరండాలో దొరికాడు, గోడకి ఆనుకుని. గెలిచామని చెప్పాను. "ఊఁ," అన్నాడు. శాఖకి మళ్ళీ అధిపతిగా నిలబడమంటే వద్దన్నాడు. వేసవిలో రిటైరవుతున్నానని, మోకాళ్ళ నొప్పులని ఏదో చెప్పాడు. శాఖ తరఫున కాలేజీ పరిషత్తుకి నన్నూ మెహ్రెజ్‌నీ ఎన్నుకున్నారు.

కొత్త పరిషత్తు మొదటి సమావేశం గురువారానికి పెట్టారు. మొదటి అంశం ఒక్క వాక్యం. పరిశోధన తోట విధ్వంసం, ఉపన్యాసకుడు ఫెతీపై క్రమశిక్షణ చర్య. పరిషత్తు అవునంటే అతన్ని పని నుంచి తీసెయ్యమని యూనివర్సిటీకి సిఫారసు వెళ్తుంది. అక్కడ కాదనేవాళ్ళు ఎవరూ లేరు.

నా భర్త ఉద్యోగం మీద నేను ఓటెయ్యాలి.

---

మంగళవారం సాయంత్రం తోటలోకి వెళ్ళాను. అప్పటిదాకా పొద్దుటి పూటే వెళ్ళేదాన్ని. మట్టలు ఊడ్పించడం, గాయాలకి బంకమట్టి రాయడం, అన్నీ చల్లటి వేళే. ఆ రోజు మాత్రం క్లాసు అయ్యేసరికి ఎండ పడమటికి వాలింది.

చెట్ల వరస మధ్యలో కూర్చుని గాయాలకేసి చూశాను. నేలంతా మండుతోంది. గోడ మండుతోంది. చెక్కిన ఆ చోటు మాత్రం, మొదటి చెట్టుకి, నీడలో ఉంది.

రెండో చెట్టుకీ నీడలోనే ఉంది.

లేచి వరస చివరిదాకా నడిచాను. ప్రతి చెట్టుకీ మూడు మట్టలు మిగిలి ఉన్నాయి. మూడూ పడమటి వైపే. మూడు మట్టల నీడ సరిగ్గా గాయం మీద పడుతోంది, తడి గుడ్డ కప్పినట్టు.

లెగ్మీ గీసేవాళ్ళు ఎవరైనా కొన్ని మట్టలు వదులుతారు. పూర్తిగా గొరిగేస్తే చెట్టు చస్తుంది. అయితే ఎక్కడానికి పట్టు ఉండేలా చుట్టూ పక్కకొకటి వదులుతారు. ఒయాసిస్సంతా అంతే. ఒక్క మా తాత మాత్రం మూడూ ఒకే పక్క వదిలేవాడు. మధ్యాహ్నం ఎండ గాయం మీద పడకూడదని. "కోసేవాడు చెట్టుకి ఊపిరి వదలాలి," అనేవాడు. తోటి గీతగాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవారు, "గొడుగు పట్టి మరీ మెడ కోస్తావేంట్రా ముసలోడా!" అని.

తాత తన కోత నేర్పింది ఇద్దరు కొడుకులకే. పెదనాన్నకి పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి మంచం మీంచి లేవట్లేదు.

గేటుకి తాళం వేశాను. పడిందో లేదో మళ్ళీ లాగి చూశాను. చూసి ఇంటికి వెళ్ళాను.

---

బాబా కుంపటి మీద పుదీనా టీ కాస్తున్నాడు. గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. రెండే గ్లాసులు. మూడోది అలమరలో ఉంది.

"సాయంత్రం తోటకి వెళ్ళాను బాబా."

"ఇంత ఎండలోనా?"

"గాయాల మీద ఎండ పడట్లేదు."

కూజా ఎత్తి పోస్తున్నాడు. ధార తెగలేదు. గ్లాసు నిండే సమయానికి ఆపాడు. ఒక్క చుక్క బయట పడలేదు.

"టీ చల్లారుతుంది, తాగు," అన్నాడు.

"మూడు మట్టలూ పడమటి వైపు ఉన్నాయి."

కుంపట్లో బొగ్గు పగిలింది. బాబా పటకారుతో దాన్ని పక్కకి నెట్టాడు. ఆయన చేతుల మీద గీతలు మానిపోయి తెల్లటి దారాల్లా మిగిలాయి. నేను నూనె రాసిన చేతులు. దలెందా మేడమ్ గదిలో ఆయన తరఫున నేనే సాక్ష్యం చెప్పిన చేతులు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"చెప్తావా?"

"నేను చెప్పను బాబా. నాకు గురువారం ఒక ఓటుంది. అంతే."

తలాడించాడు. తన గ్లాసులో టీ తాగకుండా మళ్ళీ కూజాలో పోశాడు.

"గురువారం సమావేశం పాత హాల్లోనా, కొత్త హాల్లోనా?"

"కొత్త హాల్లో."

"కుర్చీలు సరిపోతాయా?"

"ఒకటి ఎక్కువే ఉంటుంది," అన్నాను.

గురువారం పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది.

---

కొత్త హాల్లో రంగు వాసన ఇంకా పోలేదు. ఫెతీ బల్ల చివర ఒంటరిగా కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఇటు చూడలేదు.

తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తాను. ఒకసారి కాఫీ తెచ్చిన మనిషి. ఒకసారి ఆలస్యంగా వచ్చిన భౌతికశాస్త్రం ఆయన. బాబా కాదు.

దలెందా మేడమ్ అంశం చదివింది. "మాట్లాడేవాళ్ళు ఉన్నారా?"

"మాట్లాడ్డానికి ఏముంది మేడమ్?" అన్నాడు మెహ్రెజ్. "తాళంచెవి వాళ్ళింట్లోది. ఆదివారం కారు ఇక్కడుంది. మాట అందరి ముందూ అన్నాడు. ఓటుకి పెట్టండి. కానీ ఒకటి. రౌదా అతని భార్య. ఆమె ఓటెయ్యడం..."

"భార్యలు ఓటెయ్యకూడదని నియమావళిలో ఉందా?" అంది మేడమ్.

"లేదు. ఇలాంటి రోజొస్తుందని ఎవరనుకున్నారు?"

"లేనప్పుడు వేస్తుంది." ఆమె ఫెతీ వైపు తిరిగింది. "మీరేమైనా చెప్పుకుంటారా?"

"మొదటి రోజు చెప్పాను. లేదని. అప్పట్నుంచి అది మారలేదు."

"అయితే చేతులెత్తండి. చర్య తీసుకోవాలనేవాళ్ళు."

మెహ్రెజ్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. దాని వెనక ఒకటి, మరొకటి. ఫెతీ వాళ్ళ శాఖ వాళ్ళ చేతులు కూడా, భుజం దాకా లేచీ లేవనట్టు. అందరూ నాకేసి చూశారు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. నోరు తెరిస్తే నాన్న పోతాడు. తెరవకపోతే భర్త పోతాడు. నోరు తెరిచాను.

"మేడమ్, లెక్కించకండి. నేను..."

తలుపు తెరుచుకుంది.

బాబా తెల్లటి జుబ్బా వేసుకున్నాడు, పండగ రోజు వేసుకునేది. చేతిలో వంపు కత్తి ఉంది. తాతది. పిడి నల్లబడిపోయింది. బల్ల దాకా వచ్చి, చప్పుడు కాకుండా, పిడి మేడమ్ వైపు ఉండేలా పెట్టాడు.

"శెద్లీ గారూ," అంది మేడమ్, "మీరు పరిషత్ సభ్యులు కారు."

"తెలుసు మేడమ్. ఆ నియమం రాసింది నేనే. సాక్షి ఎవరైనా రావచ్చని కూడా రాశాను, తర్వాతి పేజీలో. సాక్షిగా వచ్చాను."

"దేనికి సాక్షి?"

"చెట్లు కోసింది నేను."

మెహ్రెజ్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఏంటా మాటలు శెద్లీ మాస్టారూ? అల్లుణ్ణి కాపాడుకోవాలని..."

"చెయ్యి దించు మెహ్రెజ్. నొప్పెడుతుంది." బాబా ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆదివారం షెన్నీనీ వెళ్ళలేదు నేను. కాపలా మనిషి కంటపడకుండా వెనక గేటు నుంచి వచ్చి, నా తాళంచెవితో తోట తీశాను. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కోశాను. నమ్మకపోతే ఏ చెట్టుకైనా వెళ్ళి చూడండి, మట్టలు ఏ వైపు ఉన్నాయో. మా నాన్న కోత అది. నా కూతురు గుర్తుపట్టింది. గుర్తుపట్టి నోరు మెదపలేదు. నాకు వదిలేసింది.

"ఎందుకు చేశావంటారు. ముప్ఫై ఏళ్ళు సభల్లో కూర్చున్నానండీ. సభలో ఎవరూ వాదన విని ఓటెయ్యరు. గాయం చూసి వేస్తారు. ఆ శనివారం మీ చేతులు ఎత్తించి చూసుకున్నాను. ఫెతీ చెప్పింది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. తోట పోతుందని తెలిసిపోయింది. మూడేళ్ళ కాపు పోతే పోనీ, చెట్లు మిగుల్తాయి అనుకున్నాను. మొవ్వు ముట్టుకోకుండా చెక్కాను. నా కూతురి తొమ్మిదేళ్ళ పని నా చేత్తోనే చెక్కాను. ఏ ఒక్కరి పేరూ రాదనుకున్నాను. అటువైపు వాళ్ళెవరో అని అందరూ తిట్టుకుంటారు, ఓటు అయిపోతుంది, మర్చిపోతారు అనుకున్నాను.

"ఇతని పేరు వచ్చింది. మొదటి రోజు, వారంలో పోతుందిలే అనుకున్నాను. తర్వాత, ఓటు అవ్వనీ చెప్దాం అనుకున్నాను. ఓటయ్యాక, వేసవి రానీ అనుకున్నాను. తన ఇంట్లో, తన బల్ల దగ్గర, నన్నే అడిగాడు, మీరు కూడా అనుకుంటున్నారా మామయ్యా అని. రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాను నేను.

"ఆ ఓటు దొంగ ఓటు మేడమ్. కొట్టెయ్యండి. మళ్ళీ పెట్టండి. తోట పోతే పోతుంది. నా మీద ఏం రాయాలో రాయండి, సంతకం పెడతాను."

ఆయన అప్పుడు బల్ల చివరికి తిరిగాడు. ఫెతీ తలెత్తి ఆయనకేసి చూస్తున్నాడు. ఆ తర్వాత మొదటిసారి నాకేసి చూశాడు.

"చెట్లకి ఊపిరి వదిలే కోశాను నాయనా," అన్నాడు బాబా. "నీకే వదల్లేదు."